నీటిపాలైన ఊళ్లు, నిలుపుకొనవలసిన కాగితములు
నడిగడ్డ చరిత్ర ధారావాహిక: తొమ్మిదవ భాగము

గత భాగమున గద్వాల సంస్థానము 1949లో జాగీర్ల రద్దుతో అంతరించిన వృత్తాంతమును చెప్పుకొంటిమి. 1924 నుండి పాతికేండ్లు పాలించిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ అధికారము అంతటితో ముగిసెను. ఆ కోటలోనే తరువాతి కాలమున ఆమె పేరిట ప్రభుత్వ కళాశాల వెలసినది. దివాణము నడచిన చోట నేడు విద్యార్థులు పాఠములు వినుచున్నారు. కాని తరతరములుగా ఆ కొలువున వ్రాయబడిన లెక్కలు, సనదులు, ఉత్తరములు, కవిపండితులు సమర్పించిన కృతులు ఏ చోటికి చేరినవి, వానిలో మనకు దక్కినవెన్ని, చేజారినవెన్ని అను ప్రశ్న చరిత్ర వ్రాయబూనినవానిని వదలదు. ఈ భాగమున ఆ ప్రశ్ననే పట్టుకొని, రాజుల కాగితములనుండి ప్రజల కాగితముల వరకు కొంత దూరము పోయి విచారింతము.

ఏ సీమ చరిత్రయైనను జరిగినంతమాత్రమున నిలువదు. జరిగినదానిని ఎవరో వ్రాయవలెను. వ్రాసినదానిని ఎవరో దాచవలెను. దాచినదానిని వెదకినవానికి చిక్కునట్లు ఎవరో వరుసపెట్టవలెను. మన సీమలో రాజులకును దేవాలయములకును ఈ మూడు ఉపకారములును ఎంతోకొంత జరిగినవి. సామాన్య జనమునకు, అందులోను కన్న ఊరు విడిచి చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదరిపోయిన జనమునకు, ఇవి నేటికిని సరిగా జరుగలేదు. ఈ లోపమును చూపుటయు, దీనిని తీర్చుకొను మార్గము కలదని చెప్పుటయు ఈ భాగమునకు ప్రయోజనము.

కోటలోని కాగితములు

సంస్థానమనగా నొక చిన్న రాజ్యమే. నిజాము సర్కారునకు పేష్కషు చెల్లింపవలసియుండుటచే హైదరాబాదుతో ఎడతెగని ఉత్తరప్రత్యుత్తరములు నడచెడివి. రైతులనుండి శిస్తు రాబట్టవలసియుండుటచే ఊరూర లెక్కలు పుట్టెడివి. దేవాలయములకును విద్వాంసులకును ఈనాములిచ్చుటచే సనదులు వ్రాయబడెడివి. గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాలుపేట, అమరచింత సంస్థానము లన్నింటను ఇదే పద్ధతి. ఈ వ్రాతలలో హైదరాబాదునకు పోయినవి పారసీకమునను, పిమ్మట ఉర్దూలోను ఉండగా, ఊరి మట్టమున నడచినవి తెలుగున నుండెను. కనుక ఒకే గ్రామపు సంగతి రెండుమూడు భాషలలో, రెండుమూడు చోట్ల చీలియున్నది.

హైదరాబాదు తార్నాకలో నున్న రాష్ట్ర పురాతన పత్ర భాండాగారమునకు, జనులు ఆర్కైవ్సు అని పిలుచుదానికి, నిజాముల నాటి దఫ్తరె దివానీ మూలకందము. షాజహాను, ఔరంగజేబు కాలములనాటి దక్కను పత్రములే అందు లక్షన్నరకు మించి యున్నవి. మొత్తము పత్రములు నాలుగు కోట్లకు పైబడునని లెక్క. వీనిలో అధికభాగము పారసీకము, ఉర్దూ. అందును పెక్కు శికస్తా లిపిలో, అనగా అక్షరమును అక్షరముతో గొలుసుగా కలుపుచు, చుక్కలను వదలుచు, ఆనాటి గుమాస్తాలు వేగముగా వ్రాసిన లిపిలో ఉండుటచే, పారసీకము చక్కగా నేర్చినవారికిని అవి ఒకంతట లొంగవు. కాలమును గుర్తించుటకు ఫసలీ లెక్క తెలిసియుండవలెను. జాగీర్లను రద్దుచేసిన శాసనమే 1358 ఫసలీ అని పేరు పెట్టుకొన్నది. దానికి 590 కలిపినచో 1948 వచ్చును గాని, ఫసలీ వత్సరము శరదృతువున మొదలై మరుసటి వత్సరమున ముగియుటచే 1949 ఆగస్టు దినములును అందే చేరియున్నవి. ఈ చిన్న లెక్క తెలియనివాడు మన సంస్థానముల చరిత్రను ఒక యేడు ముందుకో వెనుకకో జరిపివేయును.

దీనికి తోడు, ఏలుబడులు మారినపుడెల్ల కాగితములును ఇండ్లు మారెను. గద్వాల, ఆలంపురము తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలో నుండినవి. భాషానుసారముగా రాష్ట్రములను పునర్విభజించినపుడు రాయచూరు మైసూరు రాష్ట్రమునకు పోగా, ఈ రెండు తాలూకాలు మహబూబునగరమున చేరినవి. మరల 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలైనవి. కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న నడిగడ్డ అంగుళమైనను కదలలేదు. దానిని గూర్చిన దస్త్రములు మాత్రము మూటలు కట్టుకొని ఒక కచ్చేరినుండి మరియొక కచ్చేరికి ప్రయాణము చేసినవి. ప్రతి ప్రయాణమునను కొన్ని మూటలు దారి తప్పుట లోకసహజము.

సాహిత్యము విషయమున మనము కొంత భాగ్యవంతులము. జటప్రోలు ప్రభువైన సురభి మాధవరాయలు స్వయముగా చంద్రికాపరిణయమును రచించెను. ఆయన ఆస్థానమును అలంకరించిన ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితములను తెలుగు చేసినవారిలో మొదటివాడు. గద్వాల సోమభూపాలుర ఆశ్రయమున కాణాదము పెద్దన సోమయాజి ముకుందవిలాసమును కూర్చెను. తిరుపతి వేంకటకవులు తమ సంస్థాన సంచారమున గద్వాల, ఆత్మకూరు, వనపర్తులను దర్శించి సన్మానములు పొందిరి; విద్వద్గద్వాల అను ప్రఖ్యాతి ఊరక కలుగలేదు. ఆ కావ్యములు మనవరకు వచ్చుటకు కారణము, తాటాకుపై గంటముతో గీచి, మసి పూసి, పురుగు తొలిచిన ఆకును తీసి క్రొత్త ఆకున మరల వ్రాసికొన్న లేఖకుల ఓర్పు. ఒక తాళపత్రము రెండుమూడు వందలయేండ్లు నిలుచునేమో. అంతకు పైబడిన ఆయువు దానికి మరల వ్రాసినవాని చేతిలో నుండును. దాచుటయనగా పెట్టెలో పెట్టి తాళము వేయుట మాత్రమే కాదని, దాచినదానిని తరమునకొకమారు తిరిగి వ్రాయుటయు దాచుటలో భాగమని మన పెద్దలు ఎరిగియుండిరి.

ఊరూర ఏరినవారు

రాజాస్థానము వెలుపల, ఊళ్లలోని పెద్దల నోటిమాటను కాగితముపై పెట్టించిన ఖ్యాతి కర్నలు మెకంజీది. ఆయన కొలువునందు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరులు పనిచేసిరి. వారును వారి సహాయులును గ్రామగ్రామము తిరిగి, కరణములను వృద్ధులను అడిగి, ఊరి పుట్టుకను, చెరువును, గుడిని, ఏలినవారిని గూర్చి వ్రాయించుకొన్న కైఫియతులు తెలుగునాటి స్థానిక చరిత్రకు పెన్నిధి. మెకంజీ 1821లో మరణించిన తరువాత ఆ సంచయము చీలి, కొంత లండనునకును కొంత చెన్నపట్టణమునకును చేరినది. శిథిలమగుచున్న పత్రములకు సి. పి. బ్రౌను నకళ్లు వ్రాయించుటచే అందు చాలభాగము బ్రతికినది. తెలుగువారి ఊళ్ల కథకై తెలుగువాడు లండను వెళ్లవలసి వచ్చుట చింతింపదగినదే యైనను, ఎక్కడో ఒకచోట నిలిచియుండుటచేతనే కదా వెళ్లుటకైనను వీలు కలిగినది.

ఆ పనిని మన చేతులతో, మన అవసరమునకై చేసినవాడు ఈ గద్వాల సీమబిడ్డయే. 1896లో బోరవెల్లి గ్రామమున జన్మించిన సురవరము ప్రతాపరెడ్డి 1926 మే 10న గోలకొండ పత్రికను స్థాపించెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమను మాట ఒకటి అచ్చులోకి రాగా, ఆయన దానికి కోపముతో బదులు చెప్పక, తెలంగాణపు మూలమూలల కవులకు పిలుపునిచ్చి, వారి పద్యములను పరిచయములతో సహా తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. ఆ గ్రంథమును విప్పినవారికి కవిత్వముతోబాటు మరియొక సంపద కాననగును: ఏ పల్లెలో ఎవరు చదువుకొనిరి, ఎవరి గురువెవరు, ఏ సంస్థానము ఎవరిని పోషించెను అను సంగతులు. ఆ పిలుపు పోకున్నచో ఆ పల్లెటూరి విద్వాంసులలో ఎందరి పేర్లు నేడు మనకు తెలిసియుండెడివో ఊహింప గుండె చాలదు. ఇది అచ్చమైన ఆర్కైవ్సు పని. భవనములేదు, ప్రభుత్వ ధనములేదు, తపాలా బిళ్లయు పట్టుదలయు దానికి పెట్టుబడి.

అంతటితో ఆగక, రాజుల యుద్ధములు చరిత్రలో సగమైనను కావని, జనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, నమ్మిన నమ్మకము చరిత్రలో అసలు భాగమని స్థాపించుచు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ఆయన ప్రకటించెను. కావ్యములను, శతకములను, సామెతలను సాక్ష్యముగా నిలిపి ప్రజల చరిత్రను వ్రాయవచ్చునని చూపిన ఆ గ్రంథము 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన తొలి పురస్కారమును పొందినది. అప్పటికి గ్రంథకర్త గతించి రెండేండ్లైనది. 1952 ఎన్నికలలో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన ఈ మహనీయుడు ప్రజలకు ప్రతినిధియైనది ఒక్క శాసనసభలోనే కాదు, చరిత్రలోను.

ఆలంపురమున గడియారము రామకృష్ణశర్మ మరియొక తీరున ఇదే వ్రతమును పట్టెను. బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయములు పాడుపడి, శాసనములు పొదలలో మరుగుపడియున్న కాలమున ఆయన వానిని చదివి, వ్రాసి, పదిమందిని పిలిచి చూపి, ఆలంపురమను పేరును తెలుగుదేశమంతట వినిపించెను. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అచ్చట జరిగి, సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు వచ్చి వానిని ప్రారంభించుట వెనుక ఆయన శ్రమయే యున్నది. ఆయన ఆత్మకథయైన శతపత్రమునకు 2007లో, మరణానంతరము, సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఒక మనిషి ఒక ఊరిలో కూర్చుండి, ఆ ఊరి రాతిని రాతిగా విడువక చదివినచో ఎంత సాధింపవచ్చునో ఆ జీవితము నిరూపించినది.

రాళ్లకు అంకెలు వేసిన కాలము

ఇక ఈ కథలో కఠినమైన ఘట్టమునకు వచ్చితిమి. 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్ట వెనుక 885 అడుగుల మట్టము వరకు కృష్ణ నిలువబడునని నిర్ణయమైనపుడు, కొల్లాపురము, ఆలంపురము, వనపర్తి ప్రాంతములలోను ఆవలిగట్టున కర్నూలు జిల్లాలోను వంద వరకు గ్రామములు మునిగిపోవునని తేలినది. లక్ష వరకు జనము లేచిపోవలసి వచ్చెను. వారితోబాటు వేయేండ్లకు పైబడిన ఆలయములును మునుగనుండెను.

ఆలయముల విషయమున జరిగిన కృషి ప్రపంచమున ఎవరికిని తీసిపోనిది. తుంగభద్ర కృష్ణలో కలియు కూడవెల్లి సంగమేశ్వరాలయము, ఆలంపురమునకు సమీపముననే యున్న పాపనాశి ఆలయ సముదాయము, సురభిరాజుల మొదటి రాజధానియైన జటప్రోలులోని గుడులు మొదలగువానిని విప్పి ఎగువకు తరలింప నిశ్చయించిరి. ముందుగా ప్రతి గోడకు, ప్రతి వరుసకు నక్షా గీచిరి. పిమ్మట శిఖరమునుండి పునాది వరకు ప్రతి రాతికిని అంకె వేసిరి. ఏ రాయి ఏ రాతిపై నుండెనో, దాని ముఖము ఏ దిక్కునకు తిరిగియుండెనో వ్రాసికొనిరి. విప్పిన రాళ్లను బండ్లపై తరలించి, నక్షాలోని అంకెను రాతిపైని అంకెతో సరిచూచుకొనుచు మరల నిలిపిరి. నేడు ఆలంపురమున సంగమేశ్వరాలయమును చూచువారికి అది ఆదినుండియు అచ్చటనే యున్నట్లు తోచును. నవబ్రహ్మాలయములకు నీరు తగులకుండ అడ్డుకట్ట కట్టిరి. రాజుల సొమ్ము రాళ్లపాలని సామెత కలదు. మన పురావస్తుశాఖవారి పుణ్యమా యని ఆ రాళ్లైనను నీళ్లపాలు గాక మిగిలినవి. ఆ పని చేసిన స్థపతులకును కూలీలకును ఈ సీమ శాశ్వతముగా ఋణపడియున్నది.

అట్టి అంకె మనుష్యులకు పడలేదు. 1981 వేసవిలో ఊళ్లు బలవంతముగా ఖాళీ చేయబడినపుడు ఏ ఇంటివారు ఏ ఊరికి పోయిరి, ఏ వీధిలో ఎవరి ప్రక్కన ఎవరుండిరి, ఏ జాతర ఏ నెలలో జరిగెను, ఊరి పొలిమేర దేవత ఏ చెట్టుక్రింద వెలసియుండెను అను సంగతులకు నక్షా గీచినవారు లేరు. గుడి ఏ రాతిపై ఏ రాయిగా నిలిచెనో మనకు తెలియును. ఊరు ఏ ఇంటి ప్రక్కన ఏ ఇల్లుగా నిలిచెనో వృద్ధుల జ్ఞాపకమున మాత్రమే కలదు. ఆనాడు ఇరువదేండ్ల పడుచువారు నేడు అరువది దాటిరి. ఆనాటి పెద్దలలో పెక్కుమంది కన్నుమూసిరి.

వారికి దక్కిన కాగితము ఒకటి కలదు. భూమి సేకరించినపుడు ఇచ్చిన అవార్డు కాపీ అది. పలుచని కాగితము, కార్బనుతో తీసిన మసక ప్రతి. మడతలవెంట చినిగి, వెనుక మరియొక కాగితముతో అతికింపబడి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దూలము సందునో ట్రంకుపెట్టె అడుగుననో దాచబడియుండును. అందు సర్వే నంబరు, ఎకరములు గుంటలుగా విస్తీర్ణము, తరి (మాగాణి) యగునో ఖుష్కి (మెట్ట) యగునో, పట్టాదారు పేరు, బావి యున్నచో బావి, చెట్లున్నచో చెట్లు, వానికి కట్టిన పరిహారము వరుసగా నుండును. చరిత్ర చదువ నేర్చినవానికి అది ఒక కుటుంబపు సంపూర్ణ చిత్రము. ఎన్ని గుంటల తరి యుండెనో చూచి వారు వరియన్నము తినిరో లేదో చెప్పవచ్చును. చెట్ల జాబితా చూచి పెరటిని ఊహింపవచ్చును. వేలిముద్రయా సంతకమా చూచి ఆ ఊరిలో బడి యుండెనో లేదో తెలిసికొనవచ్చును.

ఈ కాగితమునకు జీవనాధారముతోడి సంబంధమును కలదు. ప్రాజెక్టులక్రింద భూములు కోల్పోయిన కుటుంబమునుండి ఒకరికి ఉద్యోగమునిచ్చునట్లు 1986లో వెలువడిన ఉత్తర్వు, ఈ సీమలో పిల్లవానికిని తెలిసిన 98 జీవో, అప్పటినుండి ఎన్నో దరఖాస్తులకు, ఎన్నో ధర్నాలకు మూలమైనది. తాత పేరిట అవార్డు, తండ్రి పేరిట దరఖాస్తు, మనుమని చేతిలో నకలు: మూడు తరములు ఒకే కాగితమును పట్టుకొని కచ్చేరుల మెట్లెక్కిన కుటుంబములు కొల్లాపురము, వనపర్తి ప్రాంతములలో పెక్కు కలవు. కాగితము పోయినవాడు నిర్వాసితుడని నిరూపించుకొనజాలడు. ఊరు నీటిలో నుండగా, ఊరివాడనని చెప్పుటకు సాక్ష్యము మరేమి కలదు?

కాగితములు పోవుటకు కారణములును తక్కువ కావు. 1984 జనవరిలో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దైనపుడు, అంతవరకు పట్వారీల ఇండ్లలో చెక్కపెట్టెలలో నుండిన పహాణీలు, చౌఫస్లాలు, సేత్వార్ల నకళ్లు హడావుడిగా చేతులు మారినవి. మరుసటి యేడు మండలములు ఏర్పడి మరల కదలినవి. 2009 అక్టోబరు మొదటి దినములలో కృష్ణా తుంగభద్రలు కనివిని యెరుగని వరదతో పొంగి ఆలంపురమును, రాజోలిని ముంచెత్తినపుడు, నేతగాండ్ర మగ్గములతోబాటు ఇండ్లలోని పట్టాలు, చదువు సర్టిఫికెట్లు, పెండ్లిశుభలేఖలు, చనిపోయినవారి ఒక్కగానొక్క ఫొటోలు బురదలో కలిసినవి. మగ్గము మరల కట్టుకొనవచ్చును. ఆ ఫొటోను మరల తీయించుకొన వీలులేదు.

సముద్రము దాటినవారి సంచయము

ఇట్టి దుఃఖము మనకొక్కరికే కలిగినది కాదు. దీనిని ఎదుర్కొన్న ఇతరుల ఉపాయమును చూచుట మేలు. కరీబియను సముద్రమున నున్న క్యూబా ద్వీపము నాలుగువందల యేండ్లు స్పెయిను ఏలుబడిలో నుండెను. 1888, 1889 సంవత్సరములలో స్పెయిను ప్రభుత్వము హవానాలోని పాత దస్త్రములను రెండువేలకు పైబడిన కట్టలుగా ఓడలకెత్తించి, తన దేశమున సెవిల్ నగరములోని ఇండీసు పత్రాగారమునకు తరలించెను. హవానాలో 1840 నుండియు పత్రాగార మొకటి యున్నను, తొలినాటి ద్వీపచరిత్రను చదువగోరిన క్యూబావాడు నేటికిని సముద్రము దాటవలసియున్నది. మన కైఫియతులు లండను చేరిన కథకు ఇది తోబుట్టువు.

1959లో ఫీడెల్ కాస్ట్రో నాయకత్వమున విప్లవము విజయము నొందగా, క్రొత్త ప్రభుత్వముతో పొసగనివారు లక్షలుగా దేశము విడిచి అమెరికాలోని మయామీ నగరమును చేరిరి. 1960 మొదలు రెండేండ్లలో పదునాలుగు వేలకు మించిన పిల్లలను తలిదండ్రులు ఒంటరిగా విమానమెక్కించి పంపిరి. 1980లో మరియెల్ రేవునుండి కొన్ని నెలలలోనే లక్షా ఇరువదియైదు వేలమంది పడవలలో తరలిపోయిరి. మన కృష్ణాతీరపు జనులు మూటలు కట్టుకొన్నది దాని మరుసటి యేడే. కారణములు వేరు, అచ్చట రాజకీయము, ఇచ్చట జలాశయము. కాని ఇల్లు విడుచునపుడు చేతికందినదానిని మాత్రమే తీసికొనిపోవుట, తక్కినది జ్ఞాపకమున మోసికొనిపోవుట రెండు చోట్లను ఒక్కటియే.

మయామీ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఆ ప్రవాసులలోనుండియే వచ్చిన గ్రంథపాలకులు, అనా రోసా నూన్యెజ్, ఎస్పెరాన్సా దె వరోనా వంటివారు, తమవారి చరిత్రను కంటికి రెప్పవలె కాపాడు పనికి పూనుకొనిరి. అంగళ్లలో ఊరక పంచిపెట్టు చిన్న చిన్న పత్రికలను, నాటకముల ప్రకటనలను, సంఘముల కరపత్రములను, ఇతరులు చదివి పారవేయువానిని ఏరి తెచ్చి భద్రపరచిరి. శరణార్థుల సహాయకేంద్రపు దస్త్రములు, సామాన్య కుటుంబముల ఉత్తరములు, ఫొటోలు వానికి తోడైనవి. ఇట్లు పెరిగిన నిధి 1998లో క్యూబా వారసత్వ సంచయమను పేర ప్రత్యేకవిభాగమైనది. వృద్ధుల నోటి మాటలను దృశ్యరూపమున రికార్డు చేయు పనియు తరువాత సాగినది. హవానాలో ఒక సగము, మయామీలో ఒక సగముగా ఆ జాతి చరిత్ర రెండిండ్లలో నున్నది. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడే అది పూర్ణమగును. ప్రభుత్వముల మధ్య మాటలు లేనికాలమునను పత్రములు ఆ సంభాషణకు చోటుంచినవి.

మన తెలుగువారి విషయముననే మరియొక ఉదాహరణము చూడుడు. చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న 342 మంది కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. ఆ ఓడలోను, తరువాతి ఓడలలోను పోయిన తెలుగువారి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపైని గుర్తులు ఓడల పట్టీలలో వ్రాయబడినవి. వ్రాయించినది తోటల యజమానుల సౌకర్యమునకే. కాని నేడు ఐదవ తరమువారు తమ పూర్వుల ఊరు ఏదో తెలిసికొనుటకు ఆ పట్టీలనే ఆశ్రయించుచున్నారు. ఏలినవాని అవసరమునకై పుట్టిన కాగితము ఏలబడినవాని మనుమలకు వంశవృక్షమైనది. మన అవార్డు కాపీకిని ఇట్టి భవిష్యత్తు కలదు. దానిని ఆనాటివరకు బ్రతికించుట మన పని.

మన కర్తవ్యము

ఈ పని అసాధ్యమేమియు కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు చోట్లను కళాశాలలును గ్రంథాలయములును కలవు. వనపర్తి రాజభవనముననే పాలిటెక్నికు నడచుచున్నది. ప్రతి చోట ఒక గది, ఒక స్కానరు, ఓపికగల ఇద్దరు ముగ్గురు చాలును. మూలపత్రమును ఎవరినుండియు తీసికొనరాదు. దానిపై ఆధారపడి హక్కులు నడచుచున్నవి గనుక, ప్రతిబింబము మాత్రము తీసి మూలమును ఇంటివారికే తిరిగి ఇచ్చివేయవలెను. ఇచ్చినవారి పేరును, వారి ఊరును, ఆ పత్రము తమ ఇంటికి ఎట్లు వచ్చెనని వారు చెప్పిన మాటను దానితో కూడ వ్రాయవలెను. పేర్లు, సర్వే నంబర్లు, ఊళ్లు అక్షరక్రమమున సూచికగా కూర్చవలెను. సూచికలేని సంచయము తాళపుచెవి పోయిన పెట్టె వంటిది. కుటుంబముల ఆస్తివివరములు, పరిహారపు మొత్తములు వారి అనుమతి లేక ఎవరికిని చూపరాదు; ఆ నమ్మకము చెడినచో మరుసటి గడప తెరచుకొనదు.

కాగితముకంటెను త్వరపడవలసినది నోటి మాటకు. మునిగిన ప్రతి గ్రామమునుండి నలుగురైదుగురు వృద్ధులను, అందు సగమైనను స్త్రీలను, అన్ని వాడలవారిని కూర్చుండబెట్టి ఊరి నక్షాను గీయింపవలెను. రచ్చబండ, బావి, బొడ్రాయి, మాలవాడ, మాదిగవాడ, పీర్లచావిడి, పడవరేవు ఎచ్చటెచ్చట నుండెనో వారు చెప్పుచుండగా విద్యార్థులు గీయవలెను. అవార్డు పట్టాదారుని పేరే చెప్పును; ఆ పొలమున కూలి చేసినవానిని, చేపలు పట్టినవానిని, పుట్టి నడపినవానిని అది చెప్పదు. భూమి లేనివారికి కాగితమే లేదు గనుక వారి చరిత్రకు నోటిమాట తప్ప గతిలేదు. మేస్త్రీల వెంట దేశమంతట ఆనకట్టలు కట్టుటకు పోయిన పాలమూరు కూలీల సంగతియు ఇట్టిదే. ఎన్నో రాష్ట్రముల ఆనకట్టలలో వారి చెమట కలసియున్నది. వారి అడ్వాన్సు చిట్టీలు, ఇంటికి వ్రాయించిన ఉత్తరములు ఏ పత్రాగారమునను లేవు.

సంస్థానముల పారసీక పత్రములను తెలుగు చేయించుట ప్రభుత్వము పూనవలసిన కార్యము. అందుకు శికస్తా చదువు పండితులను తయారుచేయుట మొదటి మెట్టు. కాని ఊళ్ల కాగితములను పోగుచేయుటకు ప్రభుత్వముకొరకు వేచియుండ నక్కరలేదు. ప్రతాపరెడ్డిగారు వేచియుండలేదు, రామకృష్ణశర్మగారు వేచియుండలేదు, మయామీలోని గ్రంథపాలకులును వేచియుండలేదు. కూడవెల్లి గుడికి అంకెలు వేసిన శ్రద్ధలో పదవవంతు ఆ గుడిముందు దీపము పెట్టిన జనమునకు మనము చూపినచో, జలాశయము అడుగుననున్న ఊళ్లు చరిత్రలో మరల నివాసయోగ్యములగును. రానున్న పదేండ్లలో దీనిని చేయనిచో, తరువాత చేయుటకు చెప్పువారు ఉండరు. ముంపు గ్రామములవారి వద్దను, సంస్థానోద్యోగుల వంశీకుల వద్దను ఇట్టి పత్రములున్నచో, వానిని లామినేషను చేయింపక, జిగురు బిళ్లలు అంటింపక, నూలుబట్టలో చుట్టి తేమ తగులని చోట నుంచి, వెంటనే ఒక నకలైనను తీయించి, తమ ఊరి కళాశాలలోని చరిత్ర ఉపన్యాసకునికి చూపవలెనని ప్రార్థించుచున్నాను.

వచ్చు భాగమున జటప్రోలు సురభిరాజులు తమ రాజధానిని కొల్లాపురమునకు మార్చిన వృత్తాంతమును, వారి సాహిత్యపోషణను చెప్పుకొందము.